కంచె మీదుగా జమ్మి

మా గంగన్న తాతకు ఖతర్‌లో ఒక పార్కు ఉండేది. పట్టా మాత్రం ఆయన పేరు మీద లేదు, అంతే. మాటకు ముందు "నా పార్కు" అనేవాడు. జగిత్యాల అవతల మా ఊళ్ళో ఉన్న సొంత చెలకను కూడా ఆయన ఎన్నడూ అంత గట్టిగా నాది అనలేదు. ఆ చెలకలో నీళ్ళు లేవు. బోరు వేస్తే దుమ్ము వచ్చింది, ఇంకోటి వేస్తే ఇంకొంచెం ఎర్రటి దుమ్ము వచ్చింది. అలాంటి మనిషి విమానమెక్కి ఇసుక దేశానికి పోయి, అక్కడ పచ్చగడ్డికి నీళ్ళు పట్టే కొలువులో కుదిరాడు. ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. గంగన్న దుబాయ్‌లో గడ్డికి నీళ్ళు పడుతున్నాడట అని నవ్వుకున్నారు. మా ఊరికి గల్ఫ్ అంతా దుబాయే.

ప్రపంచ కప్పు వస్తుందని ఆ దేశాన్నంతా తవ్వి పోస్తున్న రోజులవి. ఒక పక్క స్టేడియాలు లేస్తుంటే, ఇంకో పక్క చూడవచ్చేవాళ్ళ కళ్ళు చల్లబడటానికి పార్కులు లేస్తున్నాయి. తాత పనిచేసే పార్కు సముద్రం ఒడ్డునే ఉండేది. గడ్డిని చాపల్లా చుట్టి లారీల్లో తెచ్చి పరిచారు. నడుమ ఒక చెరువు, చెరువులో కాళ్ళతో తొక్కే పడవలు, చుట్టూ నడిచేవాళ్ళకు మెత్తటి బాట, సైకిళ్ళకు వేరే బాట, పిల్లలకు ఉయ్యాలలు, మాంసం కాల్చుకునేవాళ్ళకు అక్కడక్కడ ఇనుప పొయ్యిలు. తాత ఇవన్నీ ఫోన్‌లో గౌరవ్వకు వర్ణించేవాడు. గౌరవ్వ ఆయన భార్య, మా నాయనమ్మ. ఏది విన్నా ముందు అనుమానపడటం ఆమె పద్ధతి.

"ఆ బాట మీద నడుసుకుంట యాడికి పోతరు?" అని అడిగింది.

"యాడికి పోరు. సుట్టు తిరిగి మల్ల ఆడికే అస్తరు."

"మరెందుకు నడుసుడు?"

"పొట్ట తగ్గాలెనని."

గౌరవ్వ కాసేపు ఆలోచించింది. "పొట్ట తగ్గాలెనంటే మన చెలకకు రమ్మను. కలుపన్న తీస్తరు."

ఆ పార్కులో శుక్రవారాలూ పండుగ రోజులూ కుటుంబాలవి. గేటు దగ్గర బోర్డే ఉండేది. పెళ్ళాం పిల్లలను ఊళ్ళో వదిలి వచ్చిన మగవాళ్ళను అక్కడ బ్యాచిలర్లు అంటారు. వాళ్ళను ఆ రోజుల్లో లోపలికి రానివ్వరు. పిల్లల పెళ్ళిళ్ళు చేసి, మనవళ్ళ ముక్కులు తుడిచి వచ్చిన మా తాత కూడా ఆ లెక్కన బ్యాచిలరే. ఈ సంగతి చెప్పినప్పుడు గౌరవ్వ ఫోన్ పెట్టేసింది.

తాతకు సెలవు శుక్రవారమే. వారమంతా తడిపిన గడ్డి మీద ఆ ఒక్కరోజు కూర్చుందామంటే వీలు లేదు. తోటివాళ్ళంతా మనవాళ్ళు ఎక్కువగా ఉండే నజ్మా పేటకు పోయి, ఊరివాళ్ళను కలిసి, హోటల్లో పప్పన్నం తిని వచ్చేవాళ్ళు. తాత మాత్రం సాయంత్రానికి పార్కు ఇనుప కంచె దగ్గరకు చేరేవాడు. బయట నిలబడి, చువ్వల్లో నుంచి తన గడ్డిని ఎవరెవరు తొక్కుతున్నారో చూసేవాడు. లోపల గార్డు కనబడితే, "ఓ భాయ్, ఆ మూలకు పైపు కారుతున్నది" అని కేకేసేవాడు. ఇల్లు కిరాయికిచ్చిన యజమాని వీధిలో నిలబడి గోడకు మేకులు కొడుతున్నారేమోనని చూసినట్టు ఉండేదట. ఈ పోలిక ఓబులయ్యది.

ఓబులయ్య కడప వైపు మనిషి. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. ప్రతి శుక్రవారం మేడమ్‌నూ పిల్లలనూ పార్కు దగ్గర దించి, వాళ్ళు ఆడి, కాల్చి, తిని వచ్చేదాకా కారు పక్కన నిలబడేవాడు. కంచె బయట నిలబడేవాళ్ళు ఇద్దరే కాబట్టి స్నేహం కుదిరింది.

"ఏమప్పా గంగన్నా, నీ ఆస్తి చూసుకోనీకి వచ్చినావా? పోలా లోపలికి."

"నన్నెవడు రానిస్తడు?"

"చీర కట్టుకోని రాప్పా. నేను మొగుడని చెప్తా."

"నీ అసొంటి మొగడు దొరుకుడుకన్న బ్యాచిలర్‌గా సచ్చుడు నయం."

ఇలా నవ్వుకునేవాళ్ళు. తాత నవ్వితే పై పళ్ళ సెట్టు కొంచెం కిందికి జారేది, దాన్ని నాలుకతో పైకి తోసుకుని మళ్ళీ నవ్వేవాడు. కానీ ఆ నవ్వు వెనక ఒక ముల్లు ఉందని ఓబులయ్యకు తెలుసు. ఆ ముల్లు పేరు జలంధర్.

జలంధర్ తాతకు సొంత అన్న. తాతకంటే చాలా ముందే ఖతర్ పోయాడు. ఎత్తయిన కట్టడాల చుట్టూ ఇనుప గొట్టాలతో పరంజా కట్టే పని. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఆయనకు ఊళ్ళో ఇల్లంటే తల్లి సాయవ్వే. సాయవ్వకు దమ్ము, అంటే ఉబ్బసం. రెండు మాటలకు ఒక దగ్గు. ఫోన్‌లో మాటలు తక్కువ, దగ్గు ఎక్కువ వినబడేది. జలంధర్ ఆ దగ్గును బట్టే తల్లి ఎలా ఉందో తెలుసుకునేవాడు. "ఇయ్యాల దగ్గు తడిగున్నది, మందు మార్పియ్యుండ్రి" అని అంత దూరం నుంచి చెప్పేవాడు. డాక్టరు కూడా అదే మాట చెప్పేవాడు, కాకపోతే ఫీజు తీసుకుని.

ఒక వానాకాలం సాయవ్వ చనిపోయింది. తల్లికి తలకొరివి చిన్నకొడుకే పెట్టాలి కాబట్టి తాత పెట్టాడు, అందులో తగాదా లేదు. తగాదా కబురు దగ్గర వచ్చింది. గల్ఫ్‌కు మనుషులను పంపే ఊళ్ళలో ఒక ఆచారం ఉంది. ఎత్తు మీద పనిచేసేవాడికి చావు కబురు వెంటనే చెప్పరు. కంపెనీ ఎలాగూ పంపదు. పోలేక, ఏడవలేక, మరునాడు పైకెక్కినవాడి కాలు ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు. సెలవు మీద ఇంటికి వచ్చాక గడపలో కూర్చోబెట్టి, ముందు మంచినీళ్ళిచ్చి, అప్పుడు చెబుతారు. తాత కూడా అలాగే చేద్దామనుకున్నాడు. జలంధర్ సెలవు దగ్గర్లోనే ఉంది.

ఆ సెలవు రాలేదు. పనులు తొందర మీద ఉన్నాయని కంపెనీ వాయిదా వేసింది, మళ్ళీ వేసింది. జలంధర్ ఫోన్ చేసి "అవ్వకియ్యి" అంటే తాత మొదట్లో "పండుకున్నది" అన్నాడు. తరవాత "గుడికి పోయింది" అన్నాడు. దమ్ముతో మంచం దిగని మనిషి ఎన్నిసార్లు గుడికి పోతుంది? ఒకనాడు జలంధర్ గట్టిగా అడిగాడు. తాతకు ఏమీ తోచక ఫోన్ గౌరవ్వ నోటి దగ్గర పెట్టాడు. గౌరవ్వకు మాట రాలేదు. భయానికి దగ్గు వచ్చింది.

"మందులు ఏసుకుంటున్నవా అవ్వా?" అన్నాడు అవతల జలంధర్.

"ఊఁ" అంది గౌరవ్వ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

అప్పటి నుంచి అదే అలవాటైపోయింది. ఫోన్ వస్తే గౌరవ్వ దగ్గాలి. ఇక్కడ మా తాత చేసిన పని చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంటుంది. ఆయన ఆమెకు దగ్గు నేర్పాడు. "గట్ల కాదు, ఇంక లోపలికెళ్ళి రావాలె. అయినంక జర ములుగు" అని పక్కన కూర్చుని చెప్పేవాడు. నాటకాల్లో వేషం దొరకని ముచ్చట ఇలా తీర్చుకున్నాడని ఇంట్లో తరవాత ఎగతాళి చేసేవాళ్ళు. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఎందుకంటే జలంధర్ ఆ దగ్గుకు మనసు విప్పాడు. మునుపు తల్లితో మందులూ వానలూ మాట్లాడేవాడు. ఇప్పుడు అవతల ఊఁ అనడం తప్ప మాట లేకపోయేసరికి, ఆ ఖాళీలో తన మాటలు పోశాడు. "అవ్వా, పైకెక్కితే నా కాళ్ళు వణుకుతున్నయే. ఎవ్వరికి జెప్పకు" అన్నాడు ఒకనాడు. ఇంకోనాడు కాసేపు ఏడ్చాడు. బావగారి ఏడుపు చెవిలో పడుతుంటే గౌరవ్వ కొంగు కొరుక్కుంటూ నిలబడింది. ఆ రోజు ఆమె తాతతో, "నాతోని కాదు, చెప్పేయ్" అంది. తాత "ఎక్కి ఉన్నడే, దిగనియ్యి" అన్నాడు.

ఏడాది దాటింది. జలంధర్ ఉండే క్యాంపులోకి మా పక్కూరి మనిషి ఒకడు కొత్తగా దిగాడు. పలకరింపుగా, "మీ అవ్వ యాడాది మాసికం అన్నం తినే బస్సెక్కిన అన్నా. మీ తమ్ముడు మంచిగ జేసిండు. కూరల జర కారమెక్కువైంది" అన్నాడు.

ఆ సాయంత్రం జలంధర్ ఫోన్ చేశాడు. "అవ్వకియ్యి" అన్నాడు. తాత ఎప్పటిలాగే గౌరవ్వకు ఇచ్చాడు. గౌరవ్వ దగ్గింది. జలంధర్ ఆ దగ్గు మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. విని పెట్టేశాడు. మళ్ళీ ఆ ఇంటికి ఫోన్ చేయలేదు.

తరవాత వానలు మొండికేసి, అప్పులవాళ్ళు మొండికేసి, తాత తానూ వీసా సంపాదించి ఖతర్ పోయాడు. అదే దేశానికి ఎందుకు పోయాడని అడిగితే, అదే దొరికిందనేవాడు. గౌరవ్వకు నిజం తెలుసు. అన్న ఉన్న నేల మీద ఉంటే ఏదో ఒకనాడు ఎదురుపడతాడని ఆశ. ఎదురుపడ్డాడు కూడా, నజ్మాలో, హోటల్ ముందు. తాత "అన్నా" అన్నాడు. జలంధర్ కరెంటు స్తంభాన్ని తప్పుకున్నట్టు తప్పుకుని పోయాడు. ఆ తరవాత తాత నజ్మాకు పోవడం మానేశాడు. శుక్రవారాలు కంచె దగ్గరకు రావడం అందుకే మొదలైంది.

ఇక చెట్టు సంగతి. పార్కు కట్టేటప్పుడు ఒక మూలన పాత చెట్లు రెండు మూడు ఉంటే నరకకుండా వదిలేసి, చుట్టూ తాడు కట్టారు. గాఫ్ అంటారు వాటిని. ఆ నేలలో తరతరాల నుంచి ఉన్న చెట్టట, కొమ్మ విరిస్తే శిక్ష అని పక్కనే బోర్డు. తాత మొదటిరోజు ఆ మూలకు పైపు లాక్కుపోయి, చెట్టు వైపు చూసి, పైపు వదిలేశాడు. సన్నటి ఆకు, మొండి ముల్లు, పగిలిన బెరడు. జమ్మిచెట్టు. ఏ వీసా లేకుండా, ఏ ఏజెంటుకూ పైసా కట్టకుండా తనకంటే ముందే వచ్చి నిలబడి ఉంది. తాత బూట్లు విప్పి దండం పెట్టాడు. ఫోర్‌మన్ వచ్చి, ఎండ దెబ్బ కొట్టిందనుకుని నెత్తి మీద నీళ్ళు పోశాడు.

ఆ ఏడు దసరా శుక్రవారం పడింది, పక్కరోజే బక్రీద్. తెలంగాణ వచ్చిన తరవాత మొదటి దసరా అని నజ్మా గదుల్లో ఒకటే హడావుడి. పండుగకు ముందటి శుక్రవారం ఓబులయ్య కారు దిగుతూనే ఎగతాళి ఏదీ లేకుండా తాత దగ్గరకు వచ్చాడు.

"మీయన్న పోతాండాడంట కదప్పా."

"యాడికి?"

"ఊరికి. ఫైనల్‌గా. బక్రీద్ సెలవులైపోతానే వీసా క్యాన్సిల్ అంట. మోకాళ్ళు పోయినాయంట, నిచ్చెన ఎక్కల్యాకుండాడంట."

తాత చువ్వ పట్టుకుని చాలాసేపు గడ్డి వైపు చూశాడు. అన్న ఇలాగే ఊరికి పోతే ఏమవుతుందో ఆయనకు కళ్ళకు కట్టినట్టు కనబడింది. ఉన్నది ఒకటే ఇల్లు. నడుమ గోడ లేస్తుంది. మోకాళ్ళు లేని మనిషి ఆ గోడకు అవతల ఒంటరిగా వండుకుని, ఒంటరిగా పడుకుంటాడు. ఊరందరి ముందూ లేచిన గోడను మళ్ళీ పడగొట్టడం ఎవరివల్లా కాదు.

"దసర శుక్రారమే గద" అన్నాడు చివరికి. "జమ్మి పెడుత."

మా వైపు దసరా సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి, పెద్దలైతే కాళ్ళు మొక్కి, సమానమైతే అలాయ్ బలాయ్ అని కౌగిలించుకుంటారు. ఆ ఆకును బంగారం అంటారు. పగవాడు పెట్టినా కాదనకూడదు. కాదంటే పాపం కాదన్నవాడిదే.

"అట్లయితే గురువారమే తుంచి జేబులో పెట్టుకో" అన్నాడు ఓబులయ్య. "డ్యూటీలో ఉంటావు, కత్తెర నీ చేతిలోనే ఉంటాది, అడిగే నా కొడుకు ఉండడు."

"ముందుగాల తెంపితే అది ఉత్త ఆకే. దసర పొద్దుమీకి, చెట్టుకు మొక్కి తెంపితేనే బంగారం."

"శుక్రవారం నిన్ను లోపలికే రానీరు కదప్పా."

"డ్యూటీ డ్రెస్సు ఏసుకొని పోత. ఓవర్‌టైమ్ అనుకుంటరు. నువ్వు అన్నను గీ కంచె దాకా తీస్కరా సాలు."

"ఏం చెప్పి తోడుకొని రావాల? నీకు బాగలేదని చెప్తా. సావుబతుకుల్లో ఉండాడని..."

తాత ముఖం మాడిపోయింది. "అబద్ధం చెప్పకు ఓబులన్నా. ఇంకొక్క అబద్ధం నడువది. తమ్ముడు జమ్మి పెడ్తనన్నడు, అస్తవా రావా అని అడుగు. రానంటే ఇడిసిపెట్టు."

దసరా నాటి సాయంత్రం పార్కు కిక్కిరిసి ఉంది. మరునాడు పండుగ కాబట్టి పిల్లలకు కొత్త సైకిళ్ళు వచ్చాయి, గాలిపటాలు వచ్చాయి. ఇనుప పొయ్యిలన్నీ మండుతున్నాయి, కాలే మాంసం వాసన చెరువు దాకా ఉంది. ఓబులయ్య మేడమ్‌కు సరిగ్గా అప్పుడే బొగ్గులు తక్కువయ్యాయి. ఆ బొగ్గుల వంకతో అతను కారు నజ్మాకు తిప్పాడు. హోటల్లో జలంధర్ అన్నం తింటున్నాడు. ఓబులయ్య తనకు తాత చెప్పిన మాటే చెప్పాడు, ఒక్క ముక్క కలపకుండా. తన జీవితంలో అంత పొడిగా మాట్లాడింది అదే మొదటిసారి అని చెప్పుకునేవాడు. జలంధర్ అన్నం ముగించి, చెయ్యి కడుక్కుని, వచ్చి కారులో కూర్చున్నాడు.

ఇటు తాత ఉతికిన యూనిఫాం వేసుకుని గేటు దాటాడు. గార్డు థాపా నేపాల్ వాడు. తాతను చూసి తల ఊపి ఊరుకున్నాడు. తాత నేరుగా మూలకు నడిచి, తాడు దాటి, బూట్లు విప్పాడు. మొదలుకు పసుపు రాశాడు, కుంకుమ పెట్టాడు, నోటికి వచ్చినంత మంత్రం చదివాడు. చుట్టూ తిరిగాడు. తరవాత ఒక రాయి మీద కర్పూరం బిళ్ళ వెలిగించాడు. అది వేలి గోరంత మంట. పది అడుగుల అవతల పొయ్యిలో మేక తొడ భగభగ కాలుతోంది, దాన్ని ఎవరూ చూడలేదు. ఈ గోరంత మంటను మాత్రం అందరూ చూశారు. యూనిఫాం వేసుకున్న ముసలి పనివాడు రక్షించవలసిన చెట్టు కింద నిప్పు పెట్టి, చేతులు జోడించి, కొమ్మ విరుస్తున్నాడు. ఒకాయన ఫోన్ తీసి వీడియో పట్టాడు. ఒకామె పిల్లలను దగ్గరకు లాక్కుంది.

థాపా పరిగెత్తుకొచ్చి కర్పూరాన్ని బూటుతో ఆర్పాడు. "గంగన్నా, యే క్యా కర్ దియా" అన్నాడు. అంటూనే తాత చేతిలో ఉన్న కొమ్మ చూశాడు, చెట్టుకున్న పసుపు చూశాడు. థాపా నుదుటి మీద కూడా ఆ పొద్దున పెట్టుకున్న ఎర్రటి తిలకం ఉంది, టోపీ కింద సగం దాగి. వాళ్ళ దేశంలో అదే రోజు దశైన్, అంటే మన దసరానే. అతనికి అంతా అర్థమైంది. కానీ వీడియో పట్టినాయన ఇంకా ఫోన్ ఎత్తుకునే ఉన్నాడు. వాకీటాకీలో సూపర్‌వైజర్ ఏమైందని అడుగుతున్నాడు.

"ఆఫీసుకు నడువు" అన్నాడు హిందీలో, మెల్లగా.

అప్పుడే కంచె అవతల ఓబులయ్య కారు హారన్ మోగింది. తాత అటు చూశాడు. కారు పక్కన జలంధర్ నిలబడి ఉన్నాడు, మోకాలి మీద చెయ్యి వేసుకుని. తాత థాపా వైపు తిరిగి, "భాయ్, మేరా భాయ్" అన్నాడు. థాపా వీడియో మనిషికి వీపు చూపించి నిలబడి, "జల్దీ" అన్నాడు.

అన్నదమ్ములు కంచెకు ఇటొకరూ అటొకరూ నిలబడ్డారు. తాత వేళ్ళ మధ్య నుంచి సన్నగా రక్తం కారుతోంది.

"ముల్లు గుచ్చుకున్నదా?" అన్నాడు జలంధర్. ఇన్నేళ్ళ తరవాత ఆయన అన్న మొదటి మాట అది.

"ఆఁ."

"చూస్కొని తెంపాలె."

తాత జమ్మి ఆకులను చువ్వల్లో నుంచి చాచాడు. జలంధర్ వాటి వైపు చూశాడు గానీ చెయ్యి ముందుకు రాలేదు.

"అవ్వ సచ్చింది దాసినవు. దానికి నాకు కోపం లేదురా. నేనైనా గదే జేద్దును. ఎక్కి ఉన్నోనికి జెప్పద్దు."

"మరి?"

"నాకు అవ్వ దగ్గు పోయింది." జలంధర్ గొంతు ఏమీ మారలేదు, వాన గురించి చెబుతున్నట్టే చెప్పాడు. "అవ్వ ముఖం యాదికున్నది, చెయ్యి యాదికున్నది. దగ్గు యాది జేసుకుంటె గౌరవ్వ దగ్గే ఇనవడుతది. ఎంత లోపలికి పోయినా గదే. అసలుది ఎట్లుండెనో దొరుకుతలేదు. నీకు యాదున్నదా? ఉంటె జెప్పు."

తాత కళ్ళు మూసుకున్నాడు. చిన్నప్పటి నుంచి పక్కగదిలో విన్న దగ్గు, కడసారి చేతుల్లో పట్టుకుని విన్న దగ్గు. వెతికాడు. తాను పక్కన కూర్చుని లోపలికెళ్ళి రావాలె అని నేర్పిన దగ్గే వచ్చింది. కళ్ళు తెరిచి తల అడ్డంగా ఊపాడు.

జలంధర్ ఆ తల ఊపును చూశాడు. ఇంకేదో అడుగుతాడనుకున్నాడు తాత. అడగలేదు. చెయ్యి చాచి ఆకులు తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. "దసరకు కాదనద్దు" అన్నాడు.

తాత అక్కడే గడ్డి మీద మోకాళ్ళు వంచి, చువ్వల కింది నుంచి చెయ్యి పెట్టి అన్న బూటును తాకాడు. లేపి కౌగిలించుకోవలసిన పెద్దవాడు కంచె అవతల ఉన్నాడు. జలంధర్ లేపలేదు, దీవించలేదు. కాలు మాత్రం వెనక్కు తీసుకోలేదు. తాత చెయ్యి తీసేదాకా అలాగే నిలబడి, తరవాత కుంటుకుంటూ కారెక్కాడు. బొగ్గుల సంచి ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు, ఓబులయ్య కారు గేటు వైపు తిప్పాడు.

తాతను ఆఫీసులో చాలాసేపు కూర్చోబెట్టారు. చెట్టు దేవుడని ఆయన చెబితే, ఇది గాఫ్ అని సూపర్‌వైజర్ చెప్పాడు. ఇద్దరూ ఎవరి మాట మీద వాళ్ళే ఉన్నారు. థాపా ఎంతో బతిమాలబట్టి ఇంటికి పంపలేదు గానీ, పార్కు డ్యూటీ తీసేశారు. దుఖాన్ అనే ఊరికి పోయే రోడ్డు నడుమ కట్టు మీద పూలమొక్కలకు నీళ్ళు పట్టే పని ఇచ్చారు. అటూ ఇటూ లారీలు, నడుమ తాత, ఒక ట్యాంకరు. ఆ పార్కులో ఆయన మళ్ళీ అడుగు పెట్టలేదు. శుక్రవారాలు కంచె దగ్గరకు పోవడానికీ మనసు రాలేదు.

జలంధర్ ఊరికి చేరిన సంగతి గౌరవ్వ ఫోన్‌లో చెప్పింది. తాత ట్యాంకరు నీడలో నిలబడి విన్నాడు.

"బావ దిగంగనే మన కాడికే అచ్చిండు. అవ్వ ఫోటో ముందట ఎండిన ఆకులేవో పెట్టిండు. గడపల కూసున్నడు. నీళ్ళడిగితె ఇచ్చిన."

"గోడ ముచ్చట తీసిండా?"

"తియ్యలే. గిక్కడనే తింట అన్నడు."

తాత ఊపిరి వదిలాడు. గౌరవ్వ అవతల గొంతు తగ్గించింది.

"నాకు గొంతుల గరగర అచ్చింది. బావ ముందట ఎట్ల దగ్గుదునయ్య? కొంగు నోట్ల కుక్కుకొని పెరట్లకు ఉరికిన."

గోడ లేవలేదు. జలంధర్ ఆ ఇంట్లోనే తిన్నాడు, ఆ అరుగు మీదనే పడుకున్నాడు. గౌరవ్వ ఆయనకు వేళకు ఇంత పెట్టేది, మోకాళ్ళకు నూనె కాచి ఇచ్చేది. చలికాలంలో, మిరపకాయలు దంచే రోజుల్లో, ఊరంతా జ్వరాలతో మూలిగిన ఏడు కూడా, ఆయన వినేటంత దూరంలో ఆమె ఒక్కసారీ దగ్గలేదు. ముఖం ఎర్రబడి, కళ్ళలో నీళ్ళు తిరిగి, లేచి పెరట్లోకి పోయేది. జలంధర్‌కు అది తెలుసు. ఆమె లేచిన ప్రతిసారీ ఆయన తల వంచుకుని కంచంలో అన్నం కెలికేవాడు. తాత తిరిగి వచ్చాక అన్నదమ్ములు ఎరువులూ వానలూ మాట్లాడుకున్నారు, టీవీలో స్టేడియాలు చూసి ఏ గొట్టం ఎవరు కట్టారో చెప్పుకున్నారు. తల్లి మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

ప్రపంచ కప్పు ఇంకా మొదలు కాకముందే, ఆ ఏటి వానాకాలంలో, జలంధర్ నిద్రలోనే పోయాడు. పాడె లేచి, మనుషులు కదిలి, వాకిలి ఖాళీ అయ్యాక గౌరవ్వ పెరట్లోకి పోయి గోడకు చెయ్యి ఆనించి దగ్గింది. ఏళ్ళ తరబడి మింగిందంతా ఆగకుండా, నడుం వంగిపోయేదాకా దగ్గింది. శ్మశానం నుంచి తిరిగి వచ్చిన తాత తడి బట్టలతోనే చెంబుతో నీళ్ళు తీసుకుపోయి ఆమె పక్కన నిలబడ్డాడు. ఆపమని అనలేదు.